పిన్ని అందుకున్న పార్సెల్

ఈ ఉదయం గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేలోపే ఆ బండి సందు మలుపు తిరిగిపోయింది. గేటు లోపల నేల మీద చిన్న అట్టపెట్టె ఉంది. బెల్లు లేదు, పిలుపు లేదు, సంతకం అసలే లేదు. ఫోను చూస్తే ఒక ఫోటో వచ్చింది. అందులో మా గేటు, ఆ పెట్టె, మూలగా నేను ఆరేసిన దిండు గలీబు ఉన్నాయి. మీ పార్సెల్ అందజేశాం అని కింద ఒక ముక్క. వచ్చింది మోకాళ్ళకు రాసుకునే నూనె కాబట్టి, ఎవరైనా ఎత్తుకుపోయినా వాళ్ళ నొప్పులు తగ్గుతాయిలే అని సరిపెట్టుకునేదాన్ని. కానీ పెట్టె చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. సంతకం లేనిదే ఇవ్వనని మా పిన్ని ఇంటి అరుగు ముందు నిలబడ్డ మనిషి గుర్తొచ్చాడు.

పిన్ని మా అమ్మకు ఆఖరి చెల్లెలు. గుంటూరు అవతల ఒక పల్లెలో బాబాయి కౌలుకు పొలం తీసుకుని మిరప వేసేవాడు. పిన్ని వారమంతా కూలీలతో సమానంగా కోతకు దిగి, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది. ఆమె పాట మొదలుపెడితే పాస్టరుగారు కూడా ప్రసంగం కాస్త తగ్గించుకుంటారని మా ఇంట్లో వేళాకోళం. వాళ్ళకు పిల్లలు లేరు. సెలవులకు వెళ్ళే నేనే ఆ ఇంటి పిల్లని, చీరాలలో టీచరుద్యోగం చేసి రిటైరయ్యాక కూడా. ఆ ఏడు క్రిస్మస్ పాటలు మిగతా ఆడవాళ్ళకు నేర్పాలని పిన్ని తన ఫోనులో తనే పాడి దాచుకుంది. పండగ వెళ్ళాక ఆ ఫోను కాస్తా నీళ్ళ బకెట్టులో పడింది. బాబాయి గుంటూరులో ఒక షాపులో ఇస్తే వాళ్ళు కంపెనీకి పంపారు. బాగయ్యాక కొరియర్లో ఇంటికే వస్తుందని, ఎవరి పేరున ఉంటే వాళ్ళే సంతకం పెట్టి తీసుకోవాలని చెప్పారు. పేరు పిన్నిది. ఫోను తిరిగి రాకముందే ఒక తెల్లవారుజామున పిన్ని గుండె ఆగిపోయింది.

బాబాయి ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పన్ను పీకే ముందు చిగుళ్ళకు మత్తుమందు పొడిస్తే దవడ ఎలా ఉంటుందో నా మనసు అలా ఉండేది. ఆమె పోయాక జరిగిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళకు నేనే భోజనాలు వడ్డించాను, ఎవరికి పెరుగు అందలేదో చూసుకున్నాను. బాబాయి మర్నాడే కళ్ళానికి వెళ్ళిపోయాడు. పండిన కాయ చెట్టు మీద ఆగదు కదా. ఊళ్ళోవాళ్ళు మాత్రం రాతిగుండె అనుకున్నారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఆ ఫోనొస్తే దాంట్లో పాటలుంటయ్యిగా అమ్మాయ్?" ఉంటాయి బాబాయి అన్నాను. మా ఇద్దరి దగ్గరా ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

మిరపకోతల కాలంలో ఆ ఊరి ఇళ్ళకు పగలంతా తాళాలే. కాయలు కళ్ళంలో పట్టాల మీద ఎర్రగా ఆరబోసి ఉంటాయి. కుటుంబమంతా అక్కడే వంట, అక్కడే కాపలా, అక్కడే పడక. తాళం చూసి కళ్ళానికి నడవాలని ఊళ్ళో అందరికీ తెలుసు. పాత పోస్ట్‌మాన్‌కూ తెలుసు. ఆయన సైకిలు నేరుగా కళ్ళం గట్టు మీదే ఆపి, ఉత్తరం ఇచ్చి, గుప్పెడు పండుమిరపకాయలు సంచిలో వేసుకుని పోయేవాడు. కొరియరు మనిషికి అదేమీ తెలియదు. అతనికి కనిపించింది తాళం. ఇక ఫోను చేద్దామంటే పార్సెల్ మీద రాసిన నంబరు పిన్నిది. షాపువాళ్ళు తీసిచ్చిన ఆ సిమ్ము పోపుల డబ్బాలో ఉంది, ఫోనేమో అతని చేతిలోని పెట్టెలోనే ఉంది. అలా రెండుసార్లు వచ్చి వెళ్ళాడట. చివరికి షాపువాళ్ళు బాబాయి బటన్ ఫోనుకు కబురు చేశారు. ఇంకొక్కసారి తలుపు తాళం ఉంటే కంపెనీకి తిప్పి పంపేస్తారని, ఆ తర్వాత దాని సంగతి తమకు తెలియదని.

అందుకని నేను చీరాల నుంచి వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. బండి చప్పుడు వినిపిస్తే లేచేదాన్ని. పాలవాడు, గ్యాసు బండి, దుప్పట్లు అమ్మేవాడు. స్నానానికి వెళ్ళాలన్నా భయమే. ఒక మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా నిజంగానే అతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. హెల్మెట్ తియ్యకుండానే పేరు చదివి, "మీరేనాండీ?" అన్నాడు. కాదన్నాను. ఆవిడ చనిపోయిందని చెప్పాను. వెంటనే బాబాయికి ఫోను చేశాను.

"అయ్యో" అన్నాడతను. నిజంగానే అన్నాడు. తర్వాత తన ఫోను నా వైపు తిప్పాడు. "కానీ మేడమ్, ఇందులో తలుపు తాళం ఉంది, వద్దన్నారు అని ఉంది, తర్వాత రమ్మన్నారు అని ఉంది. చనిపోయారు అన్నది లేదండీ. నేనేం నొక్కను? పేరున్నోళ్ళే సంతకం పెట్టాలి. లేదంటే డెత్ సర్టిఫికెట్టు తీసుకుని ఆఫీసుకి రండి." మాటల్లో మా చీరాల యాస తగిలి అడిగాను. మగ్గం మానేసి ఈ పనిలో చేరాడట. ఊరు కలిసినంత మాత్రాన పార్సెల్ చేతికి రాలేదు.

బాబాయి కళ్ళం నుంచి వచ్చేసరికి అతను బండి ఎక్కబోతున్నాడు. బాబాయి చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. సంగతంతా విని, "ఏదీ, ఆ ఫోనిటియ్యి" అన్నాడు. అద్దం మీద వేలితో గీస్తే పడలేదు. ఆ వేళ్ళు కాయలు కాసి, ఎండి, అద్దానికి వేళ్ళలా తోచలేదేమో. బాబాయి వేలు నాలుక మీద తడి చేసుకుని మళ్ళీ గీశాడు. కారం తగిలిన జాడ కూడా ఆయన ముఖంలో లేదు. ఈసారి పడింది. వంకరటింకరగా పిన్ని పేరు. కొరియరతను దాన్ని చూశాడు, బాబాయిని చూశాడు, నొక్కేశాడు. "ఆ రాసింది మళ్ళా చూడొచ్చా?" అని అడిగాడు బాబాయి. "లేదండీ, కంపెనీకి వెళ్ళిపోద్ది."

అతను పెట్టె నా చేతికిచ్చి, అద్దాన్ని అరచేత్తో తుడిచి, హెల్మెట్ తీసి, అదే అరచేత్తో ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. అంతే. కళ్ళు రెండూ మూసుకుని, "అమ్మో, అమ్మో" అంటూ అరుగు మీద కూలబడ్డాడు. కన్నీళ్ళు ధారలుగా కారుతున్నాయి, ముక్కు కూడా. నేను పాలలో గుడ్డ తడిపి తేవడానికి లోపలికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి, కళ్ళానికి పోలేక ఇంటిపట్టున ఉండే ఎదురింటి ముసలావిడ అతని పక్కన కూర్చుని వీపు రాస్తోంది. ఆలస్యంగా పరామర్శకొచ్చిన చుట్టమనుకుంది పాపం. "ఊరుకో నాయనా, ఊరుకో. ప్రభువు పిలుచుకున్నాడు, ఎవురం ఏం జేస్తాం? ఆ తల్లి పాట ఇంకెక్కడ ఇంటాం?" అంటూ తానూ ఏడవడం మొదలుపెట్టింది. అతను ఏదో చెప్పబోయాడు గానీ వెక్కిళ్ళ మధ్య మాట రాలేదు. మా పిన్ని కోసం ఆ అరుగు మీద ఒక పరాయి మనిషి అలా ఏడుస్తుంటే, మేమిద్దరం పొడికళ్ళతో నిలబడి చూశాం. ముసలావిడ తలెత్తి బాబాయితో, "బయటోడు జూడు ఎట్టా కుమిలిపోతన్నాడో. నువ్వూ ఉండావు" అంది. బాబాయి తువ్వాలు తీసి అతనికి ఇవ్వబోయి, అందులోనూ కారమే ఉంటుందని మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

కళ్ళు కాస్త తెరుచుకున్నాక అతను వెళ్ళిపోయాడు. పెట్టె విప్పి ఫోను ఆన్ చేశాను. కొత్తదానిలా మెరిసి, ముందుగా మీ భాష ఏదని అడిగింది. తెలుగు అని నొక్కాను. లోపల ఏమీ లేదు. బాగుచేసేటప్పుడు అంతా తుడిచేశారు. "పాటలు?" అన్నాడు బాబాయి. లేవన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. చూశాను. "ఊఁ" అన్నాడు. ఆకాశం వైపు చూసి, "మబ్బుగా ఉంది, కాయలు కుప్పజేసి పట్టాలు కప్పాల. నువ్వూ రా" అన్నాడు. తలుపుకు తాళం వేసి ఇద్దరం కళ్ళానికి నడిచాం. దారిలో నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఆ ఫోను ఇప్పుడూ బాబాయి దగ్గరే ఉంది. పొద్దున్నే లేవడానికి అలారం పెట్టుకుంటాడు. పిన్ని గొంతు పోయింది, ఆమె నేర్పిన పాటల వరసలు కూడా చర్చిలో తలా ఒకరకంగా పాడుతున్నారట. మిగిలిందల్లా ఎక్కడో ఆ కొరియరు కంపెనీ లెక్కలోనే. దాని ప్రకారం ఆ మధ్యాహ్నం పిన్ని ఇంట్లోనే ఉంది, తలుపు తీసింది, తన చేత్తో సంతకం పెట్టి పార్సెల్ అందుకుంది. ఇన్నేళ్ళయినా, అది తప్పని చెప్పడానికి మేమిద్దరం ఎక్కడికీ వెళ్ళలేదు.