గుంట, మట్టిచుట్ట

బందరు నుంచి విజయవాడ వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్నామె గాలాలకు ఎరగా బురద పురుగులు తవ్వే మనిషి. నేను ఆ పురుగులనే వర్గీకరిస్తున్నాను. తీరపు బురదలో కొన్ని కన్నాల దగ్గర గుంట, కొన్నింటి దగ్గర పురుగు బయటికి తోసిన మట్టిచుట్ట కనిపిస్తే, అవి రెండు జాతుల పురుగులని నివేదిక రాశాను. మర్నాడు పంపాలి. ఆమెకు ఆ బురద ఫోటో చూపించాను.

ఆమె గుంట మీద బొటనవేలు, పక్కనున్న చుట్ట మీద చూపుడువేలు ఉంచింది.

"రెండేంటండీ, ఒకటే పురుగు. ఇటు తల, అటు తోక. ఈ మధ్యలో పార దించితే దొరుకుద్ది. మీరు తవ్వలేదా?"

"లేదండీ."

"తవ్వకుండానే పేరెట్టేశారా?" అని నవ్వి, కంకిపాడులో దిగిపోయింది.

ఆమె మాటనూ ఊరికే నమ్మలేదు. నివేదిక ఆపి, మళ్లీ తీరానికి వెళ్లి గుంటకూ చుట్టకూ మధ్య పన్నెండు చోట్ల తవ్వాను. పదకొండు చోట్ల ఆమె చెప్పినట్టే రెంటికీ ఒకే పురుగు ఉంది. నివేదికలో ఇప్పుడు ఒకే జాతి ఉంది. పన్నెండో చోట పురుగు దొరకలేదని కూడా రాశాను.