ఇరవై నిమిషాలకు ఆగిపోయే ఆట

మా ఆయన బెంగుళూరులో బైకు విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. నేను, పాప, అత్తమ్మ మార్కాపురంలో ఉంటాం. మధ్యాహ్నం రెండున్నరకు ఆయన షిఫ్టు. పాప పన్నెండున్నరకు పడుకుంటుంది. ఆ మధ్యలో గంటసేపు మేమిద్దరం కంప్యూటర్‌లో ఒక ఆట ఆడేవాళ్లం. ఆయన అక్కడి నుంచి, నేను ఇక్కడి నుంచి ఒకే పొలంలో సాగు చేయాలి. ఆయన దున్నితే నేను నీళ్లు పెట్టేదాన్ని. కొనకనమిట్లలో మా నాయన చేనుకు రాని వాన అందులో అడగకుండానే వచ్చేది. మాటలు టైపు చేసుకునేవాళ్లం. చదివేవాళ్లు మేమిద్దరమే.

ఫోను అట్లా కాదు. ఫోను ఇంటిల్లిపాదిది. వీడియో కాల్ వస్తే ముందు పాప లాక్కుంటుంది, తర్వాత అత్తమ్మ దగ్గు, మోకాళ్లు, చర్చి కబుర్లు చెబుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి "ఉంటా మరి" అనే మాట మిగులుతుంది.

ఎండలు ముదిరాక ఆ ఆట ఇరవై నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది. తెర నల్లబడేది, అంతే. తీసేసి మళ్లీ ఎక్కించాను. డ్రైవర్లన్నీ కొత్తవి వేశాను. డిగ్రీలో కంప్యూటర్స్ చదివిన దాన్నే గాని, ఆ చదువు ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు.

"దుమ్మేమన్నా పోయిందా లోపలికి?" అని అడిగాడాయన.

"నేనున్నాక దుమ్మెట్ల పోతాది బావా? ఒక్క రేణువు కూడా పోలేదు."

ఆ మాట గర్వంగానే అన్నాను. మా వీధి చివర పలకలు కోసే ఫ్యాక్టరీ ఉంది. బూడిదరంగు దుమ్ము అన్నం గిన్నె మీద కూడా వాలుతుంది. అత్తమ్మ పదిహేనేళ్లు అక్కడ పలకలకు చట్రాలు బిగించింది, ఆ దగ్గు ఇప్పటికీ పోలేదు. పాప ఒక్కసారి దగ్గినా కిటికీలన్నీ మూసేస్తాను. ఆ దుమ్ముకు భయపడే మా వీధిలో టీవీకి, ఫ్రిజ్జుకు గౌన్లు కుట్టినట్టు కవర్లు కుడతారు. నేను ఇంకాస్త ముందుకు పోయి, సీపీయూ వెనకా పక్కనా ఉన్న రంధ్రాలన్నిటికీ పాత వోణీ గుడ్డ రెండు మడతలు పెట్టి టేపుతో అంటించాను.

అత్తమ్మకు అది ఆట అని తెలీదు. కొడుకు ఉద్యోగానికి సంబంధించిన పనేదో కోడలు ఇంటి నుంచి చేస్తోందనుకుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో జబ్బులన్నీ చెప్పాక దాన్నీ చేర్చింది. "ప్రభువా, ఆ కంప్యూటర్‌ను నీ చేత్తో ముట్టు తండ్రీ. నా కొడుకు అన్నం దాన్లోనే ఉండాది."

గురువారం మధ్యాహ్నం పాప తడి గౌను ఎక్కడ వెయ్యాలో తోచక సీపీయూ మీద పడేశాను. ఆట మళ్లీ ఆగిపోయింది, ఆయన షిఫ్టుకు వెళ్లిపోయాడు. గౌను తీస్తే పెళపెళలాడుతూ ఎండిపోయి ఉంది. ఇస్త్రీ చేసినంత వేడి. అప్పుడు వెలిగింది నాకు. గుడ్డలన్నీ పీకేసి ఒక్కదాన్నే ఆడాను. గంటన్నర ఆగలేదు.

ఆయనకు చెబుదామని సంతోషంగా కాచుకున్నాను. బ్రేకులో ఆయనే ఫోన్ చేశాడు.

"శనివారం రాత్రి రైలెక్కుతున్నా. ఆదివారం నేనే చూస్తాలే దాన్ని."

ఆ వేసవిలో రెండుసార్లు రమ్మన్నాను. రెండుసార్లూ వస్తానని రాలేదు. ఇప్పుడు బాగైందని చెబితే రైలెక్కడు.

"సరే బావా" అన్నాను.

గుడ్డలు మళ్లీ అంటించాను. శుక్రవారం, శనివారం ఆట ఇరవై నిమిషాలకే ఆగింది. ఆయన పాపం నిద్ర మానుకుని వెతికిన ఉపాయాలు చెబుతుంటే, అన్నీ చేసినట్టే చెప్పాను. శనివారం ప్రార్థనలో అత్తమ్మ కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి మరీ కన్నీళ్లతో అడిగింది. "ఆమెన్" అనలేకపోయాను నేను.

"ఏందమ్మాయ్, ఆమెన్ అనవేంది? విశ్వాసం లేకపోతే ఎట్ల బాగవుద్ది?" అంది.

ఆదివారం ఉదయం దిగాడు. స్నానం కూడా చేయకుండా పాపను చంకనెత్తుకునే సీపీయూను వెనక్కి తిప్పాడు.

"ఇదేంది, దీనికి ముక్కూ నోరూ మూసినారు? గాలెట్ల ఆడుద్ది?" అంటూ టేపు పీకాడు. పీకి, వేలికి అంటుకున్న జిగురును చూశాడు. "నిన్నో మొన్నో అంటించినట్టుందే."

"గురువారమే తెలిసింది నాకు" అన్నాను.

ఆయన టేపును వేళ్లతో ఉండ చుట్టాడు. కోపమేమోనని చూశాను. ముఖంలో నిద్రలేమి తప్ప ఏమీ లేదు.

"రమ్మంటే రానా నేను? ఇంత చేయాల్నా?"

"రెండుసార్లు రమ్మన్నా. వచ్చినావా?"

పాప ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా తీశాడు.

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్తమ్మ కేకేసింది. "బాగయిందా నాయనా?"

ఆయన నా వైపు చూశాడు. "ఇంకా లేదుమా. రేపటికవుద్ది."

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ఏం చెప్పాడో నేను అడగలేదు. సోమవారం కూడా ఉండి, రాత్రి రైలుకు వెళ్లాడు. ఆ రెండు రోజులూ కంప్యూటర్ ముట్టుకోలేదు మేము.

ఈ రోజు పన్నెండున్నరకు ఆయన అక్కడా నేను ఇక్కడా కూర్చున్నాం. ఇరవై నిమిషాలు దాటాయి. నలభై దాటాయి. వాన పడింది, ఆయన దున్నాడు, నేను నీళ్ల కాలువ కట్టేశాను. గంట అయ్యేదాకా ఎక్కడో ఒకచోట తెర నల్లబడకపోతుందా అని ఎదురుచూస్తూనే ఉన్నాను.