వెనక్కి పోయినవాడు వస్తాడన్నాను

నిన్న నా మనవరాలు బడిలో ఇచ్చిన ప్రశ్నల కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. చంద్రుడి మీదికి పోయే నౌక నేరుగా దిగకుండా ముందు చుట్టూ ఎందుకు తిరుగుతుంది? వేగం తగ్గించుకోకపోతే చంద్రుడు పట్టి ఆపలేడు, దాటిపోతుంది అన్నాను. సిరిసిల్ల బడిలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, ఇలాంటివి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మూడో ప్రశ్న దగ్గర మాత్రం కాగితం మడిచి పక్కన పెట్టాను. నౌక చంద్రుడి వెనక్కి వెళ్ళినప్పుడు భూమితో మాటలు ఎందుకు ఆగిపోతాయి? "తెల్వదా అమ్మమ్మా?" అంది. తెలియక కాదు, ఆ జవాబు ఒకసారి చెప్పి చెడ్డదాన్ని.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం. సెలవొస్తే బస్సెక్కి కోరుట్లలో మా చిన్నమ్మ ఇంటికి పోయేదాన్ని. చిన్నాయన కల్లు గీయడానికి తాళ్ళెక్కడం మానేసి దుబాయి పోయాడు. ఆయనకు రాయడం రాదు. క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. అందులో సగం దగ్గే, మిగతా సగం బర్రె ఈనిందా, ఎవరి పెళ్ళయింది అని ఆరాలు. చిన్నమ్మ ఆ దగ్గు కూడా వదలకుండా వినేది. ఆ ఏడు ఎండాకాలం ముందే క్యాసెట్లు ఆగిపోయాయి. ఆమె మనిషి సగమైంది. చివరికి ఆమె అన్న, మా మేనమామ, చిన్నాయనను వెతికించమని దరఖాస్తు రాయించాడు. జగిత్యాల ఆఫీసులో ఇచ్చే ముందు ఆమె వేలిముద్ర కోసం తెచ్చాడు.

ఆ పూట వాకిట్లో ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తున్నారు. నేను చంద్రుడి మీద మనుషులు దిగిన సంగతి చెబుతున్నాను, నేను మొదలుపెడితే ఆపడం కష్టం. "ఆడ దొడ్డికెట్ల పోతరు?" అని ఒకామె అడిగితే అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

"ఎనుకకు పోయినంక మాట వినవడదంటివి. మల్ల వినవడ్తదా బిడ్డా?"

"తప్పకుండ. ముప్పావు గంటల ఇవతలికి అస్తది. దాని తొవ్వే అసొంటిది, రాక ఏడికి పోతది?"

ఆమె కత్తెర కింద పెట్టి అన్న వైపు తిరిగింది. "ఇన్నవా అన్నా? ఎనుకకు పోయిండు అంతే, అస్తడు. గా కాగితం కొన్నొద్దులు పక్కకు వెట్టు." ఆఫీసులో కదిలిస్తే చావు కబురే వస్తుందని ఆమె భయం. మామ నా వైపు చూశాడు. చంద్రుడు వేరు, దుబాయి వేరు అని నేను ఒక్క ముక్క చెప్పాల్సింది. కానీ అన్ని నెలల తర్వాత చిన్నమ్మ ముఖం తేటపడింది. పైగా నా మాటను అంతగా నమ్మిన మనిషి అప్పటికి ఇంకొకరు లేరు. ఊరుకున్నాను.

ఆ కాగితం వానాకాలమంతా గూట్లోనే ఉంది. దసరా దాటాక మామ కోప్పడి వేలిముద్ర వేయించి తీసుకుపోయాడు. చలికాలంలో చిన్నాయన దిగాడు, ఒట్టి ఎముకల గూడు. కాగితాలు లేక పట్టుబడి జైల్లో ఉన్నాడట. ఇంటి నుంచి ఒక్క అర్జీ వస్తే పంపిస్తామని అక్కడివాళ్ళు ఎండాకాలం నుంచే చెబుతున్నారట. "పొద్దుగాల ఇడిసిపెట్టేటోళ్ల పేర్లు పిలుస్తుంటె చెవులు అటే వెట్టేటోన్ని" అన్నాడు.

మామ తల వంచుకున్నాడు. చిన్నమ్మ మాత్రం నా రెండు చేతులు పట్టుకొని, చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. "మా బిడ్డ చెప్పినట్టే అచ్చిండు."

బతికున్నన్నాళ్ళూ చెప్పింది. ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకున్నాను, ప్రతిసారీ మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. చెప్పవలసిన మాట ఎన్నేళ్ళయినా ముసలిది కాదు, వినవలసిన మనిషే అవుతుంది.