‘దిగొద్దు’ అనడం నేర్పిన మామయ్య

మామయ్య పోయాడన్న ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో, మా కంపెనీ హాల్లో నేల మీద కూర్చుని వైర్లు సర్దుతున్నాను. "అమ్మాయ్, మీ మామయ్య వెళ్లిపోయాడే" అంది అత్తయ్య. "ఇడ్లీ తినిపించి, గిన్నె కడిగి వచ్చేసరికి లేడు." ఏడవలేదు. బడికి వెళ్లడానికి కట్టుకున్న చీరతోనే ఉన్నాననీ, మార్చుకోవాలో వద్దో తెలియడం లేదనీ రెండుసార్లు చెప్పింది.

ఆయన మా అమ్మకి అన్న. సముద్రంలో చమురు కోసం తవ్వే ఓడల మీద చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ ఓడల మీదకి మనుషుల్ని తెచ్చేవీ, తీసుకెళ్లేవీ హెలికాప్టర్లే. అవి దిగడానికి ఓడ మీద ఒక డెక్ ఉంటుంది. దాని పక్కన వాకీటాకీ పట్టుకుని నిలబడి, దిగొచ్చో లేదో పైలట్‌కి చెప్పడం మామయ్య ఉద్యోగం. ఉన్నట్టుండి అది మానేసి రాజమహేంద్రవరంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. ఎందుకు మానేశావని ఎవరడిగినా "సముద్రం గాలి పడలేదు" అనేవాడు.

ఆఖరి రోజుల్లో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా, ఒక్కొక్కటిగా వచ్చేది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు నలుగురు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రెండో అంతస్తుకి మోసుకొచ్చారు. లిఫ్ట్ లేని ఇల్లు. బతికుండగా ఆయన మళ్లీ ఆ మెట్లు దిగలేదు. మంచం పక్క కిటికీలోంచి ఎదురింటి నీళ్ల ట్యాంకులు రెండూ, వాటి మధ్య కాస్త ఆకాశం కనిపించేవి. గోదావరి నాలుగు వీధుల అవతలే ఉంది. కనిపించదు.

అత్తయ్య టీచరు. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. పగలు ఆయన్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు బంధువులందరి కళ్లూ నా మీద పడ్డాయి. నాకు పెళ్లి కాలేదు, పని ఇంటినుంచే. ప్రేమ కొద్దీ వెళ్లానని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి కాదనలేక వెళ్లాను. ఎనిమిది నెలలు ఉన్నాను.

పొద్దున్న అత్తయ్య తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాక సాయంత్రం దాకా ఆ గదిలో మేమిద్దరమే. ఆయన మంచం మీద, నేను ఆయన కాళ్ల దగ్గర వేసుకున్న బల్ల ముందు. కూరగాయలకి కిందికి వెళ్లాలన్నా భయమే, ఈలోగా ఆయనకి పొలమారితే ఎలా అని. ఒక్కోరోజు మెట్ల మొదట్లో నిలబడి, వీధిలో ఆటోల చప్పుడు కాసేపు విని, లోపలికి వచ్చేసేదాన్ని. ఆయన్ని విసుక్కున్న రోజులున్నాయి. దుప్పటి మారుస్తుంటే కళ్లు మూసుకుని, మారుస్తున్నంతసేపూ తెరిచేవాడు కాదు.

నా పని కూడా అప్పుడు ముందుకి కదలడం లేదు. పైలట్లు నేల మీదే కూర్చుని నేర్చుకునే సిమ్యులేటర్లకి మా కంపెనీ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అందులో కదిలే ఓడ మీద హెలికాప్టర్ దించే పాఠం నాది. ఓడని పైకీ కిందికీ, ఈ పక్కకీ ఆ పక్కకీ ఊపాను. పరీక్షించిన పైలట్లు మూడుసార్లు తిప్పి పంపారు. "రెండు నిమిషాలు చూస్తే తర్వాత ఎటు ఊగుతుందో తెలిసిపోతోందండీ. నిజం ఓడ అలా చెప్పి ఊగదు" అని ఒకాయన రాశాడు.

ఒక మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక, స్క్రీన్ మీద ఆ ఓడని ఊపుతూ కూర్చున్నాను. వెనకనుంచి మామయ్య గొంతు వినిపించింది.

"ఉయ్యాల."

"ఏంటి మామయ్యా?"

"అది... ఉయ్యాల. ఓడ కాదు."

ఎడమచేత్తో మంచం కమ్మీ మీద కొట్టి చూపించాడు. మెల్లగా రెండు మూడు దెబ్బలు. తర్వాత వరసగా గట్టివి. ఆ తర్వాత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చాలాసేపు ఆగింది. "ఇక్కడ... దిగాలి" అన్నాడు.

సముద్రంలో అలలన్నీ ఒక్క కొలతవి కావు. చిన్నవీ పెద్దవీ ఒకదాని మీద ఒకటి పడి ఓసారి కలిసి పెరుగుతాయి, ఓసారి ఒకదాన్నొకటి మింగేస్తాయి. అప్పుడు కాసేపు డెక్ నిదానిస్తుంది. ఇది నేను చదువుకున్నదే. పని తొందరగా అవుతుందని నాలుగు రకాల అలలతో సరిపెట్టాను, అంతే. ఆ వారం వందలకొద్దీ అలలు కలిపి ఓడని మళ్లీ ఊపాను. మామయ్య కన్నార్పకుండా చూశాడు. ఉన్నట్టుండి ఎడమచెయ్యి ఎత్తి "ఇప్పుడు" అన్నాడు. ఆ తర్వాత ఓడ నిదానించింది. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే, సగం ముఖంతో.

మూడు రోజుల తర్వాత, భోజనం పెడుతుంటే "ఒక మధ్యాహ్నం... చెయ్యి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. సాయంత్రం దాకా ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

తుఫాను దాటిపోయినా సముద్రం ఇంకా సర్దుకోని రోజు. సెలవు మీద ఇళ్లకి వెళ్లాల్సినవాళ్లు రెండు రోజులుగా సంచులు సర్దుకుని కూర్చున్నారు. హెలికాప్టర్ వచ్చింది. పైలట్ అడిగాడు. మామయ్య "రావచ్చు" అన్నాడు. చక్రాలు ఆనబోతుండగా డెక్ పైకి లేచి కొట్టింది. హెలికాప్టర్ పక్కకి జారింది. డెక్ అంచున సంచి పట్టుకుని నిలబడ్డ వంటాయన కాలు నలిగిపోయింది. విచారణలో ఎవరి తప్పూ లేదన్నారు. మామయ్య మాత్రం తానే రెండు క్షణాలు తొందరపడ్డానని నమ్మాడు. అత్తయ్యకి కూడా చెప్పకుండా ఆ రెండు క్షణాల్లోనే ఇన్నేళ్లూ ఉండిపోయాడు.

"రెండు క్షణాలు ఆగి... ఉంటే?" అని అడిగాడు నన్ను.

ఆ మధ్యాహ్నాన్ని తయారు చేశాను. డెక్ ఎంత వాలిందో అన్నం కంచం వంచి చూపిస్తే, ఫోన్‌తో ఆ వాలు కొలుచుకున్నాను. గాలి ఎటునుంచో, అల ఎంతెత్తో అడిగాను. "ఓడని తిప్పలేకపోయారా మామయ్యా, అల ముందునుంచి తగిలేలా?" అంటే "లంగర్లు. అన్ని వైపులా. తిరగదు" అన్నాడు. తన కుడికాలి వైపు చూసుకుని "ఇదీ అంతే" అన్నాడు.

హెలికాప్టర్ నేను నడిపాను. మంచం మీదనుంచి ఆయన చెయ్యి ఎత్తేవాడు. ఎత్తగానే దిగేదాన్ని. డెక్ లేచి కొట్టేది. కాస్త ముందు ఎత్తాడు, కాస్త ఆగి ఎత్తాడు. ప్రతిసారీ కొట్టింది. వారం రోజులు అదే పని. ఒకరోజు ఆయన బాధ చూడలేక, చెప్పకుండా అలల ఎత్తు కొంచెం తగ్గించాను. హెలికాప్టర్ పువ్వులా దిగింది. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఆయన నా వైపు చూశాడు.

"కాదు. మార్చావు."

సిగ్గేసింది. అలల్ని మళ్లీ పెంచి, అప్పుడు తీరుబడిగా కొలిచాను. డెక్ నిదానించే సమయం, హెలికాప్టర్ దిగి నిలదొక్కుకోవడానికి పట్టే సమయం కన్నా ప్రతిసారీ తక్కువే. అసలు రోజున సముద్రం అచ్చంగా ఇలాగే ఉందని నేను ప్రమాణం చేయలేను. ఆయన గుర్తుంచుకున్న సముద్రం మాత్రం ఇదే.

"మామయ్యా, నువ్వు తొందరపడలేదు. ఆ రోజు దిగడానికి మంచి క్షణమే లేదు" అన్నాను. తేలికపడతాడనుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"అయితే... దిగొద్దు... అనాల్సింది."

"అందరూ ఇళ్లకి వెళ్లాలని కాచుకుని ఉన్నారు కదా మామయ్యా."

"అందుకే... అనలేదు."

ఆ సాయంత్రం అత్తయ్యకి చెప్పాడు. ఆమె మంచం అంచున కూర్చుని అంతా విని, "సముద్రం గాలి పడలేదన్నారు కదండీ నాతో" అంది. లేచి వంటింట్లోకి వెళ్లింది. తర్వాత మామయ్యతో ఓడలో పనిచేసిన ఒకాయనకి తనే ఫోన్ చేసి వంటాయన జాడ కనుక్కుంది. పాలకొల్లులో టిఫిన్ హోటల్ నడుపుతున్నాడు.

మరుసటి ఆదివారం వచ్చాడు. కర్ర సాయంతో రెండంతస్తులు ఎక్కేసరికి చొక్కా తడిసిపోయింది. మామయ్య ఆయన్ని కూర్చోనివ్వకుండానే మొదలుపెట్టాడు. "తప్పు... నాది. దిగొద్దని... అనలేదు."

"అదేంటండీ బాబూ!" అన్నాడు వంటాయన. "ఆ రెండ్రోజులూ మిమ్మల్ని తినేసింది నేను కాదండీ? పాప పుట్టింది, ఎప్పుడు పంపిత్తారండీ, ఎప్పుడు పంపిత్తారండీ అని మీ ఎనకాలే తిరిగాను. నా పోరు పడలేకే దింపేరని నేననుకుంటన్నానండీ ఇన్నాళ్లూ."

మామయ్య ఎడమచెయ్యి చాచాడు. వంటాయన ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పాపకి ఇప్పుడు పెళ్లీడు వచ్చిందట. "కుర్మాలో ఉప్పు చాల్లేదని రోజూ అనేవోరు మీరు" అని గుర్తుచేశాడు. వెళ్లేటప్పుడు మెట్లు దిగడానికి ఎక్కినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. ఆయన కాలు బాగుపడలేదు. మామయ్య మంచం దిగలేదు. కర్ర చప్పుడు పూర్తిగా ఆగేదాకా మామయ్య తలుపు వైపే చూస్తూ ఉన్నాడు.

నా ఓడని పైలట్లు ఒప్పుకున్నారు. దాంతోపాటు ఇంకో పాఠం పంపాను. ఏం చేసినా దిగడానికి వీల్లేని సముద్రం అది. మా మేనేజర్ ఫోన్ చేశారు. "దిగలేని పాఠం పెడితే వాళ్లేం నేర్చుకుంటారండీ?"

"వెనక్కి వెళ్లడం నేర్చుకుంటారండి" అన్నాను. ఆయనకి నచ్చలేదు. పరీక్షించే పైలట్లే పట్టుబట్టి అది ఉంచారు.

సిమ్యులేటర్ యంత్రం బిగించడానికి నన్ను హైదరాబాద్ రమ్మన్నారు. అత్తయ్య పగటికి ఒకామెను కుదుర్చుకుంది. బయల్దేరే రోజు మామయ్య దగ్గర నిలబడి దుప్పటి సర్దుతున్నాను. "చాలు" అన్నాడు. "నువ్వు... దిగు. మెట్లు." దిగాను. వీధిలోకి వచ్చాక ఒళ్లంతా తేలికైంది. ఆ సంతోషం నిజం. దాన్ని దాచి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు. మూడు వారాలకి ఫోన్ వచ్చింది. నేను వెళ్లేసరికి ఆయన్ని కిందికి దించి వీధిలో బల్ల మీద పడుకోబెట్టారు.

కర్మ అయ్యాక మళ్లీ పనిలోకి వచ్చాను. మొన్న ఒక కొత్త పైలట్‌కి దిగలేని పాఠం పెట్టారు. పక్క గదిలో స్క్రీన్ ముందు కూర్చుని చూశాను. అతను మూడుసార్లు కిందికి వచ్చి మూడుసార్లు పైకి లేచాడు. నాలుగోసారి కొంతసేపు గాల్లో ఆగి, రేడియోలో "దిగడం లేదు. వెనక్కి వెళ్తున్నాను" అన్నాడు. హెలికాప్టర్ తీరం వైపు తిరిగి, చుక్కంతై, మబ్బులో కలిసిపోయింది. పాఠం అయిపోయింది. ఓడని ఆపాల్సింది నేనే. ఆపలేదు. ఎవరూ లేని డెక్ వానలో లేస్తూ పడుతూ ఉంది. దాని మీద గీసిన తెల్లటి గుండ్రం మీదుగా నీళ్లు ఓసారి ఇటు జారుతున్నాయి, ఓసారి అటు.