యలమంద పొట్టకి చుట్టిన మఫ్లర్

మా పక్కింటి యలమంద చేతి గోంగూర పచ్చడి వాసనకి పోయినోళ్ళు కూడా లేచొచ్చి గుంటూరు బ్రాడీపేటలో అతను వండే మెస్సు ముందు నిలబడేవాళ్ళని నేనంటే మా ఆయన కసురుకుంటాడు. నిజం చెబితే ఎవరికీ గిట్టదు.

యలమందది అద్దంకి దగ్గర మిరప చేలల ఊరు. చీరాల సముద్రంలో ఒకసారి మోకాళ్ళ దాకా దిగాడు, అంతే. అట్టాంటోడికి మెస్సు మూతపడ్డాక సరుకుల ఓడలో వంటోడి ఉద్యోగం వచ్చింది. కాకపోతే ముందు డాక్టరు పరీక్ష దాటాలి. అది పోతే ఉద్యోగమూ పోయినట్టే.

మధ్యలో వాళ్ళ బావమరిది బాబ్జీ దూరాడు.

"బావా, ఎప్పుడో పాతకాలంలో ఓడ డాక్టరు రాసిన పుస్తకం ఫోన్లో దొరికింది. వేడి దేశాలకి ఓడెక్కేవాళ్ళు ఒళ్ళెట్టా కాపాడుకోవాలో అంతా ఉంది. ఇంగ్లీషుదే, కానీ ఫోనే తెలుగులో చదివిపెడుతుంది."

ఫోను చదివింది. పొట్టకి ఉన్నిగుడ్డ చుట్టాలంట. కారం ముట్టకూడదంట. రాత్రి గాలి విషమంట. ముందే కాస్త రక్తం తీయించుకోవాలంట.

ఇంకేముంది! కాకులు కూడా ఆటో ఎక్కి తిరిగే మే నెలలో, యలమంద పొట్టకి మఫ్లర్ చుట్టి, కిటికీలు మూసి, గంజి తాగుతూ కూర్చున్నాడు. రక్తదాన శిబిరంలో రక్తమిచ్చి అరటిపండుతో వచ్చాడు.

పరీక్ష రోజు నాజియా డాక్టరమ్మ చొక్కా ఎత్తమంది. పొట్ట మీద చెమటకాయలు మిర్చి యార్డులో ఎండుకాయలు ఆరబోసినట్టున్నాయి!

"ఏంటయ్యా ఇది?"

"పుస్తకంలో ఉందండి."

ఆవిడ ఫోను తీసుకుని చూసి నవ్వింది. "ఇది చలి దేశాల నుంచి వేడి దేశాలకి వచ్చే తెల్లవాళ్ళకి రాసిందయ్యా. ఆ వేడి దేశం మనదే."

యలమంద బుర్ర గిర్రున తిరిగింది. "అంటే మన ఊరే జబ్బా అండీ?"

డాక్టరమ్మ నవ్వాపుకుంది.

"మరి మనం చలి దేశం పోతే ఏం చెయ్యాలో ఎవరు రాశారండీ?"

ఆవిడ ఫోను తిరిగిచ్చేసింది. "నేనైతే చూళ్ళేదు. రక్తం తగ్గింది, ముందు అన్నం తిను. రెండు వారాలాగి మళ్ళీ రా, అప్పుడు చూస్తాను."

ఇంట్లో పెళ్ళాం సుబ్బరావమ్మ లేచింది. "ఒరేయ్ బాబ్జీ, ఆ ఫోను ఇటియ్యరా, రోట్లో వేసి నూరతాను!" ఆ రెండు వారాలూ మొగుడికి పచ్చిమిరపకాయ పప్పు కలిపి ముద్దలు పెట్టింది. పరీక్ష పాసయ్యాడు, ఓడెక్కాడు.

మొన్న ఎక్కడో చలి దేశం రేవు నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. తను వండిన అదే పప్పు తిన్న తెల్ల కెప్టెనుకి కడుపులో మంటలు లేచాయంట. ఇక మనోడి ఉద్యోగం సముద్రంలో కలిసినట్టే! పరుగెత్తి నిమ్మకాయ నీళ్ళు తాగించి, ఆయన పొట్టకి తన మఫ్లర్ చుట్టి, "ఇది మీకోసమే రాశారండీ" అన్నాడంట. తెల్లారేసరికి కెప్టెన్ లేచి తిరుగుతున్నాడు. వచ్చే ట్రిప్పుకీ నువ్వే రావాలన్నాడంట, కారం మాత్రం తగ్గించమని.

తగ్గింది నిమ్మకాయకో, మఫ్లర్‌కో, దానంతటదేనో, యలమందకీ తెలీదు, నాకూ తెలీదు.

ఫోను పెట్టేసేముందు పెళ్ళాంతో అన్నాడంట: "అంతా బానే ఉంది గానీ సుబ్బరావమ్మా, ఇక్కడ చలి చంపేస్తంది. ఆ కెప్టెను నా మఫ్లర్ ఇంకా విప్పలేదు. అడగాలంటే మొహమాటం."