బావ ఒరిగే వైపు

మా బావ వయసంతా గోల్‌పోస్టుల మధ్యే గడిచింది. జనం ఆయన్ని ‘గోడ’ అనేవారు. మా అక్క కూడా అనేది, చెప్పింది వినిపించుకోనప్పుడు. మోకాలు మొరాయించాక ఆడపిల్లల జట్టుకు మేనేజరయ్యాడు. బూట్లు, బంతులు చూసుకునే పని నాకిచ్చాడు. బావమరిదినని ఇచ్చాడన్నారు. ఇంకెందుకిస్తాడు మరి?

ఆ జట్టు గోల్‌కీపరు ఆయన కూతురే. ఎదుటి జట్టు పెనాల్టీ కొట్టేటప్పుడు, పరుగు తీరును బట్టి బంతి ఎటు వస్తుందో బావ పసిగట్టేసేవాడు. పసిగట్టి ఊరుకుంటే బాగుండేది. గీత బయట నిలబడే అటువైపు ఒరిగిపోయేవాడు. తుమ్ములాంటిది అది, ఆపుకోలేడు. కొట్టే పిల్ల వెనకగా కనిపించే ఆ భుజాన్ని చూసి నా మేనకోడలు అటు దూకేది. చాలాకాలం అదే మమ్మల్ని కాపాడింది.

తర్వాత ఎదుటివాళ్లు కనిపెట్టేశారు. ఒకవైపు కొట్టబోతున్నట్టు పరుగెత్తుకొచ్చి, తండ్రి ఒరిగి కూతురు దూకాక, రెండోవైపు నింపాదిగా తన్నేవారు. వరుసగా ఓడాం. ఆఖరి ఆట కూడా పోతే జట్టు కింది డివిజన్‌కి, బావ ఇంటికి అని కమిటీవాళ్లు మొహం మీదే చెప్పారు.

ఆ ఆట సమానంగా ముగిసినా మాకు చాలు. సరిగ్గా ముగియబోతుండగా ఎదుటివాళ్లకు పెనాల్టీ ఇచ్చారు.

“ఒరేయ్, నన్ను గట్టిగా పట్టుకో,” అన్నాడు బావ.

నడుం పట్టుకున్నాను. అంత మనిషిని నేనెక్కడ ఆపగలను? కొట్టే పిల్ల బంతి దగ్గర నిలబడిన తీరు చూసే ఆయన భుజం కదలడం మొదలైంది. గోల్ దగ్గర నుంచి నా మేనకోడలు ఇటే చూస్తోంది.

“నీకు దణ్ణం పెడతాను బావా, అటు చూడకు,” అన్నాను.

నా చేతులు విడిపించుకుని, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. బంతి వస్తుంటే ఆయన మొహం తిప్పుకోవడం నేనెన్నడూ చూడలేదు. అక్కడ నా మేనకోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. దాన్ని ఒంటరిని చేసేశామని నాకు భయం వేసింది.

బంతిని తన్నిన చప్పుడు వినిపించింది. వెంటనే జనం అరిచారు. ఎవరి జనమో ఆయనకు తెలియలేదు.

“ఎటు దూకిందిరా?”

“దూకలేదు బావా. కదలకుండా నిలబడింది. బంతి నేరుగా గుండెల మీదకొచ్చింది, పట్టేసుకుంది.”

బావ ఇంకా మైదానం వైపు తిరగలేదు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

“నేనైతే దాన్ని ఎడమకి దూకించేవాణ్ణి,” అన్నాడు.