ఆ లైను ఆ పొద్దు లేదు

నేను ఒక లైను రాయకుండా వదిలేశాను. తర్వాత ఒక మాట చెప్పకుండా వదిలేశాను. మొదటిది పొగరుతో, రెండోది భయంతో. తొమ్మిదేళ్లయింది. ఎక్కడికి పోయినా ఆ రెండూ నా వెంటే వస్తున్నాయి. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు రాస్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడం ఇన్నాళ్లూ నాకు చేతకాలేదు.

నాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. గని మూతపడ్డాక మా ఈడువాళ్లు చాలామందిలాగే నేనూ పొద్దున్నే రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడినుంచి బస్సులో కోలారు వైపు పనికి పోయేవాణ్ణి. ఊరి అంచున, తమక అనే చోట ఒక చిన్న కంపెనీ. ఇప్పుడది లేదు. కాలేజీలకూ అంగళ్లకూ పాల సంఘాలకూ వెబ్‌సైట్లు తయారుచేసి మా సర్వర్ మీద పెట్టి నడిపేవాళ్లం. ఎవరైనా ఫోనులో ఒక సైటు తెరిస్తే ఆ పేజీని తీసి అందించే కంప్యూటరు ఎక్కడో ఒకచోట ఉంటుంది. అందులో ఆ అందించే పని చేసే ప్రోగ్రామే వెబ్ సర్వర్. ఏ సైటు అడిగితే ఏ పేజీ ఇవ్వాలో దానికి ఒక ఫైలులో రాసి చెప్పాలి. ఆ ఫైలులో ఒక్క సెమికోలన్ తప్పినా అది మొండికేస్తుంది. తప్పు అలాగే ఉంచి, నడుస్తున్నదాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టామా, ఇక లేవదు. దాని మీదున్న సైట్లన్నీ ఒకేసారి పడిపోతాయి.

అందుకని ఒక జాగ్రత్త ఉంది. మళ్లీ మొదలుపెట్టే ముందు ఫైలు బాగుందో లేదో చూడమని ఆ ప్రోగ్రామునే అడగవచ్చు. చిన్న ఆదేశం. తప్పు ఉంటే ఎన్నో లైనులో ఉందో అదే చెబుతుంది.

నేను వదిలేసిన లైను అదే.

కొత్తగా చేరేవాళ్ల కోసం ఒక గైడు రాయమని యజమాని నన్ను అడిగాడు. రాశాను. ఫైలు ఎక్కడుంటుంది, ఎలా తెరవాలి, ఏం మార్చాలి, అన్నీ వివరంగా పెట్టాను. చివర "సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టండి, అంతే" అని ముగించాను. ఆ జాగ్రత్త సంగతి మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. టైపు చేశాను, చూసుకున్నాను, చెరిపేశాను.

ఎందుకు? ఇప్పటికీ ఈ ప్రశ్న దగ్గర తడబడతాను. ఎవరికీ చెడు జరగాలని నేను అనుకోలేదు. అది నిజం. కానీ ఏదైనా ఆగిపోయినప్పుడు అందరూ నా బల్ల దగ్గరికి వచ్చి "అన్నా, సైటు ఇంగా రాలేదన్నా" అని నిలబడేవాళ్లు. నేను కుర్చీ కొంచెం జరుపుకుని, నాలుగు అక్షరాలు కొట్టి, తప్పు ఎక్కడుందో చూపించేవాణ్ణి. వాళ్ల ముఖాల్లో ఆ ఆశ్చర్యం నాకు కావాలి. గైడులో అంతా ఉంటే నా దగ్గరికి ఎవరు వస్తారు? నలభై దగ్గర పడుతున్న మనిషిని, పెద్ద చదువు లేనివాణ్ణి, నేర్చుకున్నదంతా తిప్పలుపడి ఒంటరిగా నేర్చుకున్నవాణ్ణి. వాళ్లూ కొంచెం తిప్పలు పడనీ అనుకున్నాను. ఇంత చిన్న కారణానికి అంత పెద్ద నష్టమా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఆమె పేరు ఇక్కడ మంజుల అంటాను. అసలు పేరు అది కాదు. కురుడుమలె పక్క పల్లె. ఇంట్లో రాగి పంట, పట్టుపురుగుల పెంపకం. కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చిన మొదటి మనిషి ఆ ఇంట్లో ఆమే. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. రెండో నెల నడుస్తోంది. నా గైడును మొత్తం నోటుబుక్కులో చేత్తో రాసుకుంది. రాస్తేగాని తనకు మనసులో నిలవదనేది.

ఆ రోజు ఒక కాలేజీ దరఖాస్తులకు చివరి రోజు. ఆ సైటు మా దగ్గరే ఉంది. పొద్దున నేను టీకి పోయి మాటల్లో పడి గంటసేపు రానప్పుడు, కొత్త అంగడి సైటు ఒకటి చేర్చమని మంజులకు పని వచ్చింది. నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో మెట్టూ చేసింది. ఒక సెమికోలన్ పడలేదు. మళ్లీ మొదలుపెట్టింది. అన్నీ పడిపోయాయి.

నేను వచ్చి రెండు నిమిషాల్లో లేపాను. తప్పు ఎక్కడుందో ఆ ఆదేశమే నాకు చెప్పింది. కానీ అప్పటికే దాదాపు గంటసేపు కాలేజీ సైటు తెరుచుకోలేదు. యజమాని కోలారు ఊళ్లో ఉన్నాడు, బయలుదేరాడు. మంజుల వసారాలో నిలబడి, ఏడుపు ఆపుకుంటూ, ఫోనులో కాలేజీవాళ్లకు సర్దిచెబుతోంది. గాజు తలుపులోంచి ఆమె వీపు నాకు కనబడుతోంది.

నేను గైడు తెరిచాను. "మళ్లీ మొదలుపెట్టే ముందు తప్పకుండా సరిచూసుకోండి" అని రాసి, కింద ఆ ఆదేశం పెట్టి, సేవ్ చేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడాల్సిన అవసరం రాలేదు. యజమాని వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. మంజుల నా వైపే చూసి చెప్పింది.

"యాడ తప్పు పోయినానో తెలీలేదన్నా. మీరు రాసింది రాసినట్టే చేసినాను."

యజమాని గైడు తెరిచి, స్క్రీను ఆమె వైపు తిప్పాడు. "మరి ఇదేందమ్మా? ముందర చెక్ చేయాలని ఇంత పెద్దగా రాసుండాది కదా. కండ్లు ఇంట్లో పెట్టొచ్చినావా?"

ఆమె స్క్రీను చూసింది. నోటుబుక్కు చూసింది. మళ్లీ స్క్రీను. తన చేతిలో రుజువు ఉంది. తన చేతిరాతలో, లైను తర్వాత లైను, నేను రాసింది రాసినట్టు ఉంది. కానీ ఆ రుజువును ఆమె తనమీదే పెట్టుకుంది.

"బుక్కులోకి ఎక్కించుకునేటప్పుడే వదిలేసినట్టుండాను," అంది. "మీకు గూడా మాట తెచ్చినానన్నా. తప్పైపోయింది."

నాకు క్షమాపణ చెప్పింది. నాకు.

నా నోట్లో మాట సిద్ధంగానే ఉంది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఏదో తోస్తూనే ఉంది. అప్పుడామె, "అన్నా, ఎర్ర పెన్ను ఉండాదా?" అని అడిగింది. ఇచ్చాను. ఆ నోటుబుక్కు అంచున, ఆ లైను ఎర్రగా రాసుకుంది. పెన్ను తిరిగిచ్చింది. రేపటినుంచి రానవసరం లేదని యజమాని చెప్పింది ఆ తర్వాతే.

మా నాయన గనిలో, మనుషులను కిందికి దించే పంజరం దగ్గర గంట కొట్టే పని చేసేవాడు. ఒక గంట అంటే ఆపు, రెండంటే దించు. అలా ఇంకా చాలా ఉండేవి. అవన్నీ ఒక పలక మీద రాసి, గంట పక్కనే, మొదటి రోజు వచ్చినవాడికి కూడా కనబడేలా తగిలించి ఉండేవట. మీకు నోటికొచ్చు కదా, పలక ఎందుకు నాయనా అని చిన్నప్పుడు అడిగాను. నాకొచ్చు, రేపొచ్చేవాడికి రాదు కదరా అన్నాడు. పలక మీద ఒక గుర్తు చెరిపేసినవాడిని ఆయన ఏమనేవాడు? ఈ ప్రశ్న మాత్రం నన్ను నేను ఎప్పుడూ పూర్తిగా అడుక్కోలేదు.

రెండేళ్ల కిందట, ఉచితంగా దొరికే ఒక వెబ్ సర్వర్ ప్రోగ్రాముకు, మొదటిసారి ముట్టుకునేవాళ్లకు కూడా అర్థమయ్యేలా తెలుగులో గైడు రాస్తున్న కొందరితో చేరాను. పుణ్యం కోసం చేరానా, తప్పించుకోవడానికా? చెప్పలేను. వాళ్లకు కొన్ని పట్టింపులున్నాయి. "అంతే" అని రాయకూడదు. "తెలిసిందే కదా" అని రాయకూడదు. చదివేవాళ్లకు అది తెలియకపోతే, ఆ మాట వాళ్లను చిన్నబుచ్చుతుంది. ఇంకొకటి, రాసినవాడు ఒక కొత్తమనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి చదివి చేస్తుంటే నోరు మెదపకుండా చూడాలి. చదివే మనిషి ఆగిన చోట తప్పు గైడుది.

నా పేజీ చదవడానికి బంగారుపేటలో కిరాణా అంగడి నడిపే ఒకావిడ ఒప్పుకుంది. అంగడి పేజీ తానే పెట్టుకోవాలని ఆమెకు ఆశ. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆదేశం ఎక్కడ టైపు చేయాలో నేను రాయలేదు. ఈసారి నిజంగానే మరిచిపోయాను. ఆమె పైకి పోయి చదివింది, కిందికి వచ్చింది. చివరికి నవ్వి అంది, "మీరు సరిగ్గానే రాసుంటారప్పా. నాకే కనపడలేదు."

ఇంక నేను అక్కడ కూర్చోలేకపోయాను.

మొదట యజమానికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయనకు ఆ రోజే గుర్తులేదు. మంజుల కూడా గుర్తులేదు. తర్వాత బస్సెక్కి కురుడుమలె పోయాను. గుడిలో వినాయకుడికి చెప్పుకుని, అటునుంచి అటే వెనక్కి వచ్చేశాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన నోటుబుక్కు రాసుకోలేదు. పది రోజుల తర్వాత మళ్లీ పోయాను. ఈసారి గుడి దగ్గర ఆగలేదు.

మంజుల పురుగుల షెడ్డులో ఉంది. నన్ను గుర్తుపట్టి, రాండన్నా అని పీట వేసింది. ఖాళీ చేసిన తట్టల మీద చల్లే మందుపొడి సంచీ ఆమె చేతిలో ఉంది. మాట్లాడుతూనే దాని మీదున్న అక్షరాల కింద వేలు పెట్టి చదివింది. మొదటినుంచి మళ్లీ చదివింది. మూడోసారి కూడా. ఆకు మోపు దించుతున్న వాళ్ల నాయన నవ్వాడు.

"మా పాప కత ఇంతే అప్పా. మూడుతూర్లు చదవందే సంచీ మూతి ఇప్పదు. ఒకతూరి చదవకనే కదా కోలారులో ఉద్యోగం పోగొట్టుకునింది."

ఆమె కూడా నవ్వింది. ఎన్నేళ్లుగానో ఆ ఇంట్లో అరిగిపోయిన హాస్యం అది. ఆయన ఇంకో మోపు కోసం బయటికి పోయాడు. నేను పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఎలా చెప్పానో, ఏది ముందు చెప్పానో గుర్తులేదు. ఆమె వేలు సంచీ మీద అక్కడే ఉండిపోయింది. ఎందుకు చేశారని ఆమె అడుగుతుందనుకున్నాను. అడగలేదు. వాకిట్లోకి చూసి వాళ్ల నాయనను పిలిచింది.

"నాయన ముందర ఇంగొకతూరి చెప్పండన్నా," అంది.

ఆయన వచ్చాక మళ్లీ చెప్పాను. బస్సు దాకా ఒక్కణ్ణే నడిచాను. క్షమించారో లేదో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఆ మాటలు ఆ షెడ్డులో ఇద్దరి చెవుల్లో పడ్డాయి. ఇప్పుడు మీకూ తెలియాలి. నేను అన్నది ఇది:

"అప్పా, మీ పాప సరిగ్గానే చదివింది. ఆ లైను ఆ పొద్దు లేదు. ఆమె బయట ఏడుస్తా ఫోను మాట్లాడతా ఉంటే, నేను లోపల కూర్చోని చేర్చినాను. ఆమె కండ్లలో తప్పు లేదు. తప్పు నాది. మంజులా, నీకు చాలా అన్యాయం చేసినానమ్మా."